తిరుగు బండికి ఎదురొచ్చిన మనిషి

మా అమ్మాయి బడికి శనివారాలు తెల్ల బూట్లు వేసుకు వెళ్ళాలి. శుక్రవారం సాయంత్రం బాల్కనీలో పాత పేపరు పరిచి ఆ కాన్వాసు బూట్లకు తెల్ల పాలిష్ పూయడం మా ఇంట్లో నా వంతు పని. సీసా మూత తీయగానే తడి సున్నం లాంటి, కాస్త ముక్కు మండే వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నా మనసు సికింద్రాబాద్ పక్కనున్న తిరుమలగిరికి వెళ్ళిపోతుంది. అక్కడ ఒక స్కూలు గ్రౌండు ప్రహరీ మీద మేమంతా మా బూట్లు వరుసగా ఆరబెట్టుకునేవాళ్ళం. యాకూబ్ సార్ చేతులు వెనక్కి కట్టుకుని ఆ వరుస వెంట నడుస్తూ, "ఇంత తెల్లగ ఎందుకురా? పోయి దుంకేది మట్టిలనే కదా" అని నవ్వేవారు. మొన్న మా అమ్మాయి, "నాన్నా, బూట్లు పట్టుకుని ఎందుకు ఏడుస్తున్నావ్?" అని అడిగింది. పాలిష్ కళ్ళల్లో పడిందని చెప్పాను. అబద్ధం. ఆ మనిషి గురించి చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియక అలా తప్పించుకున్నాను. అందుకే ఆయన్ను ఎన్నడూ చూడని వాళ్ళ కోసం, రేపు పెద్దయ్యాక చదివితే మా అమ్మాయి కోసం, ఇది రాస్తున్నాను.

యాకూబ్ సార్ తిరుమలగిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. పొట్టి మనిషి, బట్టతల, గొంతు మాత్రం గ్రౌండు ఆ చివరికి వినపడేది. సైన్యంలో ఆఫీసరు కావాలంటే రాత పరీక్ష పాసైతే సరిపోదు. ఆ తర్వాత వేరే ఊళ్ళో ఉన్న ఎంపిక కేంద్రానికి వెళ్ళి అయిదు రోజులు ఉండాలి. బొమ్మ చూసి కథ రాయడం, తాళ్ళూ దుంగలూ ఇచ్చి పదిమందిని కలిసి గోతులు దాటమనడం, ఇంటర్వ్యూ, చివరి రోజు అధికారులందరి ముందూ నిలబడడం, ఇలా ఉంటుంది అక్కడి వ్యవహారం. మొదటి రోజే వడపోత. నంబరు పిలవని వాళ్ళను ఆ సాయంత్రమే బస్సెక్కించి స్టేషన్లో దింపేస్తారు. ఈ అయిదు రోజులకు కావలసిన తయారీ బడి వదిలాక ఆ గ్రౌండులోనే సార్ నేర్పేవారు. మా బాపు సికింద్రాబాద్ స్టేషన్లో పార్సిల్ ఆఫీసులో పనిచేసేవాడు. బాపుతో పనిచేసే ఒకాయన కొడుకు అక్కడ చేరాడని విని నన్నూ పంపాడు.

ఊళ్ళో పెద్ద పెద్ద కోచింగు సెంటర్లకు బోర్డుల మీద యూనిఫాం వేసుకున్న వాళ్ళ ఫోటోలు ఉండేవి. సార్‌కు బోర్డే లేదు. మొదటి రోజే మమ్మల్ని నేలమీద కూర్చోబెట్టి ఆయన చెప్పిన మాట ఇది. "నేను సెలెక్ట్ కాలే. ఒక్కసారి సుత కాలే. సెలెక్ట్ కానోడు మాకేం నేర్పుతడని అనిపిస్తే, బస్ స్టాప్ గదిగో." మా చిలకలగూడ నుంచి నాతో వచ్చిన ఒకతను నిజంగానే లేచి వెళ్ళిపోయాడు. సార్ ఏమాత్రం నొచ్చుకోకుండా, "చిలకలగూడ బస్సు గిటు దిక్కు రాదు, రోడ్డు దాటు" అని వెనకనుంచి కేక వేశారు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఉండిపోయాను.

కథలు రాసే రోజు ఆయనకు పండగ. మసగ్గా ఉన్న ఒక బొమ్మ చూపించి రాయమనేవారు. మేమందరం ఒకటే కథ రాసేవాళ్ళం. ఊరికి వరద వస్తుంది, మా హీరో అందరినీ కాపాడతాడు, కలెక్టరు వచ్చి దండ వేస్తాడు. ఒకసారి నా కథ చదివి తల పైకెత్తారు.

"మీ హీరో పేరేంది?"

"విక్రమ్ సార్."

"ఊరందర్నీ కాపాడిండు. మరి వాడు అన్నమెప్పుడు తిన్నడు?"

అందరూ గొల్లుమన్నారు. సార్ మాత్రం నవ్వలేదు. "మీ కథలల్ల ఎవ్వడూ ఓడిపోడు. ఓడినోడు ఇంటికొచ్చి ఏం చేస్తడో ఒక్కడన్నా రాయుండ్రిరా" అన్నారు. అది కూడా హాస్యమే అనుకున్నాం.

ఆ పరీక్షల్లో ఇంకొకటుంది. నీ గురించి మీ అమ్మానాన్నలు ఏమనుకుంటారో నువ్వే రాయాలి. కోచింగు సెంటర్లలో దీనికి తయారు వాక్యాలు ఇస్తారు. సార్ పద్ధతి వేరు. ఇంటికి వెళ్ళి నిజంగా అడిగి రమ్మన్నారు. ఇరవై ఏళ్ళొచ్చిన కొడుకు తండ్రి ముందు నిలబడి నా గురించి నీకేమనిపిస్తుంది అని అడగడం ఎంత కష్టమో అడిగిన వాళ్ళకే తెలుస్తుంది. బాపు డ్యూటీ నుంచి వచ్చి టిఫిన్ క్యారియర్ కడుక్కుంటున్నాడు. నేను అడగ్గానే, "ఎందుకు, ఏం చేసినవ్?" అన్నాడు అనుమానంగా. సంగతి చెప్పాను. బాపు గిన్నె తోముతూనే ఉన్నాడు. "నువ్వు మంచిగున్న దినమే ఇంట్ల కనపడ్తవ్. బాగలేని దినం ఏడుంటవో నాకు తెల్వదు. గదే నాకు భయం" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు సార్‌కు ఇచ్చిన కాగితం మీద మాత్రం, మా నాన్న నన్ను క్రమశిక్షణ, బాధ్యత గలవాడిగా భావిస్తారు అని చక్కటి ఇంగ్లీషులో రాశాను. సార్ చదివి, "మీ బాపు ఇంగ్లీషు మస్తు మాట్లాడతడు కదరా" అన్నారు. ఇక దాచలేక బాపు అన్నది చెప్పేశాను. సార్, "మీ బాపుకు నువ్వు తెలుసు. ఆయనన్నదే రాయి" అని కాగితం వెనక్కి ఇచ్చేశారు.

మొదటిసారి నేను భోపాల్‌లోని ఎంపిక కేంద్రానికి వెళ్ళినప్పుడు వడపోతలోనే పోయాను. నంబర్లు చదువుతుంటే నా నంబరు దాటి తరువాతి నంబరు వినపడింది. ఛాతీకి కట్టిన నంబరు గుడ్డ విప్పి ఇచ్చేసి, బస్సెక్కి స్టేషన్‌కు వచ్చాను. అలా మొదటి రోజే వెనక్కి పంపేసిన వాళ్ళందరికీ ఒక తెలివి పుడుతుంది. అది ఈ పరీక్షలకు వెళ్ళే వాళ్ళకే పుట్టే తెలివి. లోపల ఫోన్లు తీసేసుకుంటారని ఇంట్లో ముందే చెప్పి ఉంటాం. కాబట్టి అయిదు రోజులూ ఎక్కడో ఒకచోట తలదాచుకుని ఆ తర్వాత ఇంటికి వెళితే, చివరిదాకా ఉండి కొద్దిలో పోయిందని చెప్పుకోవచ్చు. బంధువుల్లో, బస్తీలో పరువు కాస్త మిగులుతుంది. నాతో బండెక్కిన ఒకడు నాగ్‌పూర్‌లోనే దిగిపోయాడు. నేనూ ఫోను బంద్ పెట్టాను. సంచి స్టేషన్ క్లోక్ రూములో పడేసి, ఉప్పల్లో ఉండే స్నేహితుడి గదిలో గడుపుదామని లెక్క వేసుకున్నాను. పార్సిల్ ఆఫీసు వైపు వెళ్ళకుండా బయటపడితే చాలు.

తెల్లవారి సికింద్రాబాద్‌లో దిగేసరికి ప్లాట్‌ఫాం బెంచీ మీద యాకూబ్ సార్ పేపరు చదువుకుంటూ కూర్చుని ఉన్నారు.

"దిగినవా? దా" అన్నారు, నేనేదో బజారుకు వెళ్ళి వచ్చినట్టు.

"సార్, నేను ఈ బండికి వస్తానని మీకెట్ల తెలుసు?"

"వస్తవని కాదు. వస్తే ఒక్కనివే ఉండొద్దని. ఎవ్వరూ దిగకుంటే ఇంకా ఖుషీ, చాయ్ తాగి బడికి పోతుంటి." పేపరు మడిచి చంకలో పెట్టుకున్నారు. "సంచి ఏడ పెడ్దామనుకున్నవ్?"

నేను క్లోక్ రూము వైపు చూశాను. ఆయన తిట్టలేదు. సంచికి ఒకవైపు ఆయన పట్టుకుని, రెండోవైపు నన్ను పట్టుకోమన్నారు. బస్సులో తిరుమలగిరి తీసుకెళ్ళారు. వాళ్ళావిడ రజియా ఆంటీ ఏమీ అడగకుండా కిచిడీ, అందులోకి పుల్లటి ఖట్టా వడ్డించింది. ఈ ఇంట్లో ఇలాంటి పొద్దుటి చుట్టాలు మామూలేనని అప్పుడు అర్థమైంది. మా క్లాసులో ఎంతమంది ఆ వంటింటి గడప దగ్గర కూర్చుని తిన్నారో, ఒక్కడూ బయట చెప్పలేదు. తినడం అయ్యాక సార్ చెయ్యి తుడుచుకుని, "ఇగ మీ ఇంటికి" అన్నారు.

చిలకలగూడలో మా గేటు దగ్గరే ఆయన ఆగిపోయారు. "నేను చెప్పను. నువ్వే చెప్పాలె. నేనీడ నిలబడ్త" అన్నారు. బాపు డ్యూటీకి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాడు. "కాలేదు బాపూ. మొదటి రోజే పంపించిండ్రు" అన్నాను. బాపు నన్ను చూశాడు, గేటు బయట నిలబడ్డ పొట్టి మనిషిని చూశాడు. "మరి ఫోనెందుకు బంద్ పెట్టినవ్?" అని మాత్రమే అడిగాడు. తర్వాత చెప్పులు విడిచి అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. ఆ రోజు డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళాడు. గేటు వైపు చూస్తే సార్ అప్పటికే వెళ్ళిపోయారు.

ఆయన ఎందుకిలా స్టేషన్లో కూర్చుంటారో చాలా నెలల తర్వాత తెలిసింది. ఒక సాయంత్రం గ్రౌండులో తాళ్ళు చుట్టి దుంగలు మూలకు చేరుస్తున్నాం. మిగతా వాళ్ళు వెళ్ళిపోయారు. ధైర్యం చేసి అడిగేశాను. ఆయన దుంగ మీద కూర్చున్నారు. "మా నాయిన దర్జీ. గీడనే, తిరుమలగిరి బజార్ల దుకాణం. మిలటరీ ఆఫీసర్ల బట్టలు కుట్టేటోడు" అని మొదలుపెట్టారు. ఆ దర్జీకి ఒకటే కోరిక, ఒక్క యూనిఫాం సొంత కొడుక్కి కుట్టాలని. కొడుకు ఎంపికకు బయలుదేరే రోజున టేపు తీసి కొలతలు కూడా తీసుకున్నాడట. కొడుకు మొదటి రోజే వడపోతలో పోయాడు. కొలతలిచ్చి వచ్చినవాడు ఏ మొహం పెట్టుకుని వెళతాడు? ఆ ఊళ్ళోనే ముసాఫిర్‌ఖానా అనే ఒక సత్రంలో పడుకుంటూ, పగలంతా చెరువు గట్టు మీద తిరుగుతూ మిగిలిన రోజులు గడిపారు.

"నేను పోయిన మూడో దినం మా నాయినకు గుండెపోటొచ్చింది. అప్పుడు మన చేతులల్ల ఫోన్లు ఏడియి? నాయిన దగ్గర బట్టలు కుట్టించుకునే ఒక ఆఫీసరు సాబ్ ఆ సెంటరుకు ఫోన్ చేయించిండు. మీ పిలగాడు మొదటి దినమే ఎల్లిపోయిండని చెప్పిండ్రు. మా అమ్మకు ఒకటే దినం రెండు తక్లీఫులు. ఆయన పాయె, కొడుకు ఏడున్నడో తెల్వకపాయె. సాయంత్రం నమాజు దాకా నా కోసం ఆపిండ్రు. ఇంకెంతసేపు ఆపుతరు? నేనొచ్చేసరికి అంతా అయిపోయింది. కొడుకును బేటా. పిడికెడు మన్ను సుత వెయ్యలే."

చీకటి పడుతోంది. ఆయన లేచి, "ఓడిపోతే ఏం కాదు. ఓడిపోయి ఇంటికి రాకపోతేనే అవుతది" అన్నారు, తాళ్ళ చుట్ట భుజానికెత్తుకుంటూ.

ఆ తర్వాత కూడా నేను ఓడిపోతూనే వచ్చాను. ఒకసారి చివరి రోజుదాకా, ఒకసారి మళ్ళీ మొదటి రోజే. ప్రతిసారీ బెంచీ మీద ఆయన, వంటింట్లో ఆంటీ, అరుగు మీద బాపు. అలవాటైంది. ఓటమి తేలికయిందని కాదు, దాన్ని మోసుకుని ఎటు నడవాలో తెలిసింది. చివరికి వయసు దాటిపోయే ఏడాది వచ్చింది. నాకిక మిగిలింది ఒక్క అవకాశం. అప్పటికే సార్‌కు గుండె జబ్బు ముదిరింది. గ్రౌండులో కుర్చీ వేసుకుని కూర్చుని నాతో తాళ్ళు కట్టించేవారు. గొంతు మాత్రం తగ్గలేదు. నేను బయలుదేరే ముందు ఇంటికి వెళితే, మంచం మీద నుంచే, "ఈసారి తిరుగు బండికి నేను రాకుంటే పరేషాన్ కాకు" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. "మీరు రావాల్సిన పని ఉండదు సార్, సెలెక్ట్ అయి వస్తా" అన్నాను పౌరుషంగా. ఆయన కళ్ళు మెరిశాయి. ఆయనకూ ఆశ పుట్టిందని చూడగానే తెలిసింది. అది చూసి నాకు భయమేసింది.

ఈసారి అయిదు రోజులూ ఉన్నాను. చివరి రోజు లోపలికి పిలిచి ఏవో రెండు ప్రశ్నలు నవ్వుతూ అడిగారు. తర్వాత అందరినీ నిలబెట్టి నంబర్లు చదివారు. నా పక్కవాడి నంబరు చదివారు. నాది చదవలేదు. అంతే. ఎన్నో ఏళ్ళ చదువు, పరుగు, దెబ్బలు, ఇంట్లో వాళ్ళ ఎదురుచూపు, అంతా ఒక అధికారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నంత సేపట్లో ముగిసిపోయింది. ఫోను తిరిగి చేతికివ్వగానే ఆంటీ చేసిన కాల్స్ కనపడ్డాయి. మళ్ళీ చేస్తే, సార్ ఆస్పత్రిలో ఉన్నారని చెప్పింది. నా సంగతి ఏమైందని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

సికింద్రాబాద్‌లో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. బెంచీ మీద ఎవరో కుటుంబం కూర్చుని పులిహోర తింటున్నారు. సంచితోనే ఆటో ఎక్కి ఆస్పత్రికి పోయాను. వరండాలో ఆంటీ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. నా మొహం చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

"కాలే కదా?"

"కాలేదు ఆంటీ."

"ఆయనకు చెప్పకు బేటా. అయిందని చెప్పు. డాక్టర్లు ఏం చెప్తలేరు. రెండు దినాల సంది నిన్నే తలుస్తుండు. ఒక్క మాట. జెర ఆయన ఖుషీగ ఉండనీ." ఆమె ఏడుస్తోంది. అన్నిసార్లు ఏమీ అడగకుండా అన్నం పెట్టిన మనిషి మొదటిసారి ఒకటి అడిగింది. సరేనన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. చనిపోతున్న మనిషికి ఒక్క అబద్ధం చెబితే ఎవరికి నష్టం? తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేటప్పుడు కూడా, అయింది సార్ అనే మాటను నాలుక మీదే పెట్టుకున్నాను.

ఆయన చిన్నగా అయిపోయారు. ముక్కుకు గొట్టం. నన్ను చూసి చెయ్యి కొంచెం ఎత్తారు. "అయిందా?" అన్నారు. గ్రౌండు చివరికి వినపడే గొంతు మంచం దాటి రావడం లేదు. నేను ఆంటీ వైపు చూశాను. ఆమె చేతులు జోడించినట్టుగా కొంగు పట్టుకుని ఉంది. ఆయన మొహంలోకి చూశాక ఆ మాట రాలేదు.

"కాలేదు సార్."

ఆంటీ మొహం తిప్పుకుంది. సార్ కళ్ళు మూసుకున్నారు. నన్ను చంపేసినా బాగుండును అనిపించింది. కాసేపటికి కళ్ళు తెరిచి, "ఆఖరి దినం దాకా ఉంచిండ్రా?" అని అడిగారు.

"ఉంచిండ్రు సార్. మంచిగనే మాట్లాడిండ్రు."

"వాళ్ళు ఎప్పుడూ మంచిగనే మాట్లాడతరు." పెదవి మీద కొంచెం నవ్వు కనపడింది. నా సంచి మీద చూపు పడగానే ఆ నవ్వు పోయింది. "మీ బాపుకు చెప్పినవా?"

"లేదు సార్. బండి దిగి ఇటే వచ్చిన."

ఆయన మెడ ఎత్తబోయారు. కోపం. నిజమైన కోపం, ఇన్నేళ్ళలో నామీద ఎన్నడూ చూడనిది. "ఇంటికి పోకుండ గీడికెందుకొచ్చినవ్? ఆయన ఆడ గడప మీద కూసొని ఉంటడు. పో. పోయి చెప్పు."

"కాసేపుండి పోతా సార్."

"వద్దు. ఇప్పుడే పో. రేపు రా, మాట్లాడుకుందం."

ఆయాసం వస్తోంది. నర్సు వచ్చి నన్ను బయటికి పొమ్మంది. వరండాలో ఆంటీ, "ఒక్క మాటకు నీదేం పోతుండె?" అంది. ఇంటికి వెళ్ళాను. బాపు అరుగు మీదే ఉన్నాడు. చెప్పాను. "సరే. కాళ్ళు కడుక్కో" అన్నాడు. అమ్మ అన్నం పెట్టింది. బాపు నా పక్కనే కూర్చుని, నేను తిన్నంతసేపూ పార్సిల్ ఆఫీసు ముచ్చట్లేవో చెబుతూ ఉన్నాడు. ఆ పూట మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు.

మర్నాడు పొద్దున నేను స్నానం చేసి బయలుదేరుతుంటే ఫోను వచ్చింది. సార్ పోయారు.

ఆ మధ్యాహ్నం బాపు కూడా నాతో వచ్చాడు. కబరస్తాన్‌లో మేమిద్దరం వెనకగా నిలబడితే, పెద్దాయన ఒకాయన చెయ్యి ఊపి ముందుకు పిలిచాడు. మన్ను వేశాను. బాపూ వేశాడు. నా చుట్టూ చాలామంది మా గ్రౌండు పిల్లలు. కొందరు యూనిఫాంలో ఉన్నారు, ఎక్కువమంది నాలాంటి వాళ్ళే. ఆంటీ నాతో మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. ఒకరోజు వెళితే కిచిడీ పెట్టి, దూరంగా కూర్చుని, "నువ్వు పోయినంక ఒక్కసారి కళ్ళు తెరిచిండు. పోరనికి బస్సు దొరికిందా అని అడిగిండు. ఇంకేం మాట్లాడలే" అంది.

నేను ఆఫీసరును కాలేదు. ఒక కంపెనీలో చేరాను. కొన్నేళ్ళకు అక్కడ నా ఉద్యోగం పోయింది. చేతికి కాగితమిచ్చిన గంటలోనే ఇంటికి వచ్చి, కూరగాయలు తరుగుతున్న మా ఆవిడకు చెప్పేశాను. నాతోపాటు ఉద్యోగం పోయిన వాళ్ళలో కొందరు నెలల తరబడి టిఫిన్ కట్టించుకుని పొద్దున్నే బయటికి వెళ్ళి పార్కుల్లో కూర్చున్నారు. మరోసారి బాపు రిపోర్టులు చూసి డాక్టరు చెప్పిన మాట కూడా, విన్న సాయంత్రమే బాపుకు చెప్పాను. చెడ్డ కబురుతో నేరుగా ఇంటికి వెళ్ళడం నాకు చేతనవుతుంది. నాకొచ్చిన విద్య అదొక్కటే, నేర్పింది యాకూబ్ సార్. దానివల్ల మేలే జరిగింది తప్ప కీడు జరగలేదు. అయినా ఆ ఆస్పత్రి వరండా గుర్తొస్తే మాత్రం, సంచి కింద పడేసి, మొండికేసి, ఆయన ఎంత కోప్పడినా ఆ మంచం పక్కనే కూర్చుని ఉండాల్సింది అనిపిస్తుంది. ఇన్నేళ్ళలో ఆయన మాట విన్నందుకు నాకు ఏడుపొచ్చేది ఆ ఒక్క సాయంత్రం విషయంలోనే.